ఓడ ఆగిన చోట దిగితే: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ మధ్య బెజవాడ, గుంటూరు ట్రావెల్స్ ఆఫీసుల్లో సింగపూర్ ప్యాకేజీ అడిగితే చాలు, పక్కనే ఒక క్రూయిజ్ కూడా తగిలిస్తున్నారు. అందుకేనేమో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఓడల గురించే. ఓడలో తిండి గురించి, స్విమ్మింగ్ పూల్ గురించి ఎవరికీ అనుమానాల్లేవు, అవన్నీ బ్రోషర్లో రంగురంగుల్లో ఉంటాయి కదా. టెన్షన్ అంతా ఓడ ఏదో దీవి దగ్గర ఆగినప్పుడు దిగి ఏం చేయాలన్న దాని మీదే.

ప్రశ్న: మేము ఆరుగురం వెళ్తున్నాం. మా అత్తగారు, మామగారు డెబ్బైకి దగ్గర్లో ఉన్నారు, ఇద్దరు పిల్లలు హైస్కూల్ వయసు. సింగపూర్‌లో ఎక్కితే నాలుగు రాత్రులు, పెనాంగ్‌లో ఒక రోజు, ఫుకెట్‌లో ఒక రోజు ఆగుతుంది. ఫుకెట్‌లో ఫీఫీ దీవులు, జేమ్స్ బాండ్ ఐలాండ్ రెండూ ఒకే రోజులో చూపిస్తానని ట్రావెల్స్ అతను అంటున్నాడు. ఓడ వాళ్ళ టూర్ ధరలు చూస్తే కళ్ళు తిరిగాయి. బయట టూర్ తీసుకోమంటారా?
(ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మా, రెండూ ఒకే రోజు అన్న మాట మర్చిపోండి. ఆ చెప్పిన మనిషి ఫుకెట్‌లో హోటల్ తీసుకుని ఉండేవాళ్ళ లెక్క మీకు చెప్తున్నాడు. మీది ఓడ లెక్క, అది వేరు.

మీ కాగితంలో ఫుకెట్ ఉదయం 8 నుంచి సాయంత్రం 5 అని రాసి ఉందనుకోండి, అందులో మీ చేతికి వచ్చేది ఆరు గంటలు, బాగా కలిసొస్తే ఆరున్నర. 8కి ఓడ వస్తుంది, అంతే, అక్కడి అధికారులు కాగితాలు చూసి సరే అన్నాకే మనుషుల్ని వదులుతారు. పటోంగ్ దగ్గర ఆగే ఓడ అయితే అసలు ఒడ్డుకే రాదు. సముద్రంలో లంగరు వేసి, టెండర్లు అనే చిన్న పడవల్లో జనాన్ని విడతలు విడతలుగా బీచ్ దగ్గరికి చేరుస్తారు. ఓడలో వేల మంది ఉంటారు, పడవలో పట్టేది కొందరే, అందులోనూ ముందు పంపేది మామూలుగా ఓడ వాళ్ళ టూర్ కొన్నవాళ్ళని, మిగతా అందరూ టోకెన్ తీసుకుని కూర్చోవాలి. సాయంత్రం కూడా అంతే, 5కి ఓడ కదులుతుందంటే ఆఖరి టెండర్ గంట ముందే ఉండొచ్చు.

ఇప్పుడు దారి చూడండి. జేమ్స్ బాండ్ ఐలాండ్ అసలు పేరు ఖావో ఫింగ్ కన్, 1974లో ఒక బాండ్ సినిమా షూటింగ్ అక్కడ జరగడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. అది ఫుకెట్‌కి ఈశాన్యంగా ఫాంగ్ ఙా అఖాతంలో ఉంది. ఫీఫీ ఏమో ఆగ్నేయంగా ఉంది. రెండిటికీ పడవలు ఎక్కువగా ఫుకెట్ తూర్పు తీరంలో ఉన్న రేవుల నుంచే బయల్దేరతాయి, మిమ్మల్ని దింపే పటోంగ్ పడమటి తీరం. అంటే ముందు కొండ దాటి ట్రాఫిక్‌లో తూర్పు వైపుకి వెళ్ళి, అక్కడ స్పీడ్‌బోట్ ఎక్కి, చూసి, మళ్ళీ అదంతా వెనక్కి రావాలి. ఒక్కదానికే మీ ఆరు గంటలూ సరిపోతాయి. కొన్ని ఓడలు ఫుకెట్ ఆగ్నేయ మూలన ఉన్న ఆవ్ మఖామ్ రేవులో నేరుగా ఆగుతాయి, అలాగైతే టెండర్ గొడవ ఉండదు, తూర్పు తీరం కూడా దగ్గర. మీ ఓడ ఎక్కడ ఆగుతుందో ముందు అది కనుక్కోండి, ట్రావెల్స్ అతను చెప్పలేకపోతే ఓడ కంపెనీనే అడగండి.

నా సలహా అడిగితే, ఫుకెట్‌లో అందరూ కలిసి తిరగాలనే పంతం వద్దు. టెండర్ ఎక్కడం దిగడం తేలిక పని కాదు. పడవ పైకీ కిందకీ ఊగుతుంటే సరిగ్గా చూసుకుని అడుగు వేయాలి, సిబ్బంది చేయి పట్టుకుంటారు గానీ మోకాలు మనదే. చక్రాల కుర్చీ వాళ్ళని అలలు ఎక్కువున్న రోజున టెండర్ ఎక్కనివ్వరు కూడా. మీరు, పిల్లలు ఓడ వాళ్ళ టూర్‌లో ఫాంగ్ ఙా వెళ్ళండి, సున్నపురాయి కొండలు నీళ్ళలోంచి గోడల్లా నిటారుగా లేచి ఉంటాయి, పిల్లలకి ఏళ్ళ తరబడి గుర్తుండిపోతుంది. పెద్దవాళ్ళకి ఓపిక ఉంటే ఒక కారు మాట్లాడి చలోంగ్ బౌద్ధాలయం, పాత ఫుకెట్ టౌన్‌లోని రంగురంగుల పాతకాలం ఇళ్ళ వీధులు చూసి వచ్చేయొచ్చు. ఓపిక లేకపోతే ఓడలోనే ఉండిపోమనండి, జనమంతా దిగిపోయిన రోజు ఓడంత ప్రశాంతమైన చోటు ఇంకోటి లేదు, ఏ కుర్చీ కావాలంటే ఆ కుర్చీ దొరుకుతుంది.

ఫీఫీ ఎందుకు వద్దన్నానంటే, అందరూ వెళ్ళేది మాయా బే కోసం. అక్కడ జనం తాకిడికి పగడాలు దెబ్బతిని 2018 జూన్‌లో మూసేశారు, 2022 జనవరిలో తెరిచినా లోపలికి దిగి ఈత కొట్టనివ్వడం లేదు, మోకాళ్ళ లోతు దాకా నిలబడి ఫోటో తీసుకోవడమే. ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్ళీ మూత. ఇంకో సంగతి, థాయ్ సముద్ర నేషనల్ పార్కుల్లో పగడాలకి హాని చేసే కొన్ని రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ని 2021లో నిషేధించారు, ఎక్కడికి వెళ్ళినా ట్యూబ్ మీద రీఫ్ సేఫ్ అని ఉన్నది కొనుక్కెళ్ళండి.

ఇక పెనాంగ్. పెద్దవాళ్ళ రోజు ఇదే. ఇక్కడ ఓడ జార్జ్‌టౌన్ ఊరి అంచునే ఉన్న స్వెటెన్‌హామ్ పియర్‌లో ఆగుతుంది, దిగి నడిస్తే ఊళ్ళో ఉంటారు. ఓడ వాళ్ళ టూర్‌కి డబ్బు పోయడం ఇక్కడ దండగ. రేవు పక్కనే ఫోర్ట్ కార్న్‌వాలిస్. మనం స్కూల్లో చదువుకున్న శాశ్వత శిస్తు కార్న్‌వాలిసే, ఆయన పేరే అక్కడా పెట్టారు. నెమ్మదిగా నడిస్తే పావుగంటలో లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మారియమ్మన్ గుడి. గుడి ముందు మల్లెపూల దండలు, వీధిలో సినిమా పాటలు, అరిటాకులో భోజనం. ఎక్కువగా వినిపించేది తమిళం, కానీ మీ అత్తగారికి ఆ వీధిలో పరాయి దేశం వచ్చినట్టు అనిపించదు. అదే ఊరు 2008 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, చైనా వాళ్ళ కులదేవత మందిరాలు, మసీదు, చర్చి అన్నీ నడిచే దూరంలోనే.

పిల్లలు పెనాంగ్ హిల్ అంటే మాత్రం ఉదయాన్నే, ముందు అదే చూడండి. పైకి తీసుకెళ్ళే ఫ్యునిక్యులర్ రైలు 1923లో మొదలైంది, ఇప్పుడున్న పెట్టెలు 2011లో వచ్చినవి. రైలు కొన్ని నిమిషాల్లోనే ఎక్కేస్తుంది, క్యూలో మాత్రం గంట పట్టొచ్చు, సెలవు రోజుల్లో ఇంకా ఎక్కువ. క్యూ కొండచిలువలా కనబడితే ఆశ వదిలేసి వెనక్కి తిరగండి.

కాగితాల సంగతి ఒక్క ముక్క. సింగపూర్‌లో ఎక్కి మళ్ళీ సింగపూర్‌లోనే దిగుతారు కాబట్టి మీ సింగపూర్ వీసా రెండోసారి లోపలికి రానిచ్చేది అయ్యుండాలి, అందరి వీసా కాగితాలూ తీసి ఆ మాట ఉందో లేదో చూడండి. మలేషియాకి 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకి వీసా అక్కర్లేకుండా సడలింపు ఇచ్చి, దాన్ని పొడిగిస్తూ వచ్చారు. థాయ్‌లాండ్ రూల్స్ కూడా తరచూ మారతాయి. డబ్బు కట్టేనాటికి ఏది నడుస్తోందో, ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డులు ఏవి నింపాలో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

ప్రశ్న: ఒడ్డున ఆలస్యమైతే ఓడ నిజంగా వదిలేసి వెళ్ళిపోతుందా, లేక భయపెట్టడానికి అలా చెప్తారా? మన గన్నవరంలో ఫ్లైట్ ఎక్కేవాళ్ళని కూడా పేరు పెట్టి పిలుస్తారు కదా.
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: వెళ్ళిపోతుంది బాబూ. ఓడలో కూడా పేరు పెట్టి పిలుస్తారు, మీరు అప్పటికి ఒడ్డు మీద ఏ షాపులోనో ఉంటారు కాబట్టి వినబడదు. రేవులో ఓడ ఎక్కువసేపు ఉంటే దానికి అద్దె, అలల టైము, తర్వాతి రేవు, ఇవన్నీ ఉంటాయి. మీ ఇద్దరి కోసం మూడు వేల మందిని ఆపరు. ఓడ వాళ్ళ టూర్ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం ఓడ ఆగుతుంది, లేదంటే తర్వాతి రేవుకి మిమ్మల్ని చేర్చే బాధ్యత వాళ్ళదే. టూర్ ధరలో మీరు కట్టే ఎక్కువ డబ్బులో కొంత భాగం ఈ హామీకే. దూరం వెళ్ళేటప్పుడు ఆ హామీ కొనండి, నడిచి తిరిగే ఊళ్ళో కొనకండి, నేను ఎప్పుడూ చెప్పే లెక్క ఇదే.

మీరు అడగలేదు గానీ అసలు ప్రమాదం గడియారంతో. థాయ్‌లాండ్ టైము సింగపూర్ కంటే గంట వెనక. కొన్ని ఓడలు ట్రిప్ మొత్తం సింగపూర్ టైమే నడుపుతాయి, కొన్ని మారుస్తాయి. ఫుకెట్‌లో దిగగానే ఫోన్ నెట్‌వర్క్ పట్టుకుని దానంతట అదే థాయ్ టైముకి మారిపోతుంది. ఫోన్‌లో మూడున్నర, ఇంకా గంట ఉందిలే అని మీరు కొబ్బరి బోండాం తాగుతూ కూర్చుంటే, ఓడ గడియారంలో అప్పటికే నాలుగున్నర! దిగే ముందు తలుపు దగ్గర పెట్టే బోర్డులో ఆఖరి టెండర్ ఏ టైము ప్రకారమో చూసి, ఆ బోర్డు ఫోటో తీసుకోండి, ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌గా మారేది ఆపేసి ఓడ టైము పెట్టుకోండి. పాతకాలం చేతి గడియారం ఉంటే ఇంకా మంచిది.

పాస్‌పోర్ట్ కొన్ని ఓడల్లో వాళ్ళే తీసి ఉంచుకుంటారు, కంగారు పడొద్దు, దాని ఫోటోకాపీ, ఓడ కార్డు మాత్రం మీ దగ్గర ఉండాలి. ఆ రేవులో ఓడ తరఫున ఉండే ఏజెంట్ ఫోన్ నంబరు రోజూ గదిలోకి వచ్చే కాగితంలోనో, ఓడ యాప్‌లోనో ఉంటుంది, రాసిపెట్టుకోండి.

ప్రశ్న: నలుగురు ఫ్రెండ్స్ వెళ్తున్నాం. టూర్ గీర్ ఏమీ వద్దు, పటోంగ్‌లో దిగి స్కూటీలు అద్దెకి తీసుకుని, జెట్ స్కీ కొట్టి వచ్చేద్దామని ప్లాన్. ఓకేనా?
(వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: ఓకే కాదు తమ్ముడూ. స్కూటీకి అక్కడ చెల్లే లైసెన్స్ కావాలి, మన కార్డు ఒక్కటే సరిపోదు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, అందులో టూవీలర్ కూడా ఉండాలి. అది లేకుండా పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు. కొండ మలుపులు, వాన పడితే జారే రోడ్డు, పైగా సాయంత్రం ఓడ. పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టమనే దుకాణం కనబడితే మెట్లు కూడా ఎక్కకండి.

జెట్ స్కీ విషయంలో పటోంగ్‌లో ఏళ్ళ తరబడి వినే ఫిర్యాదు ఒకటే: తిరిగి ఇచ్చాక పాత గీత చూపించి మీరే చేశారు, ఇంత కట్టండి అనడం. ఓడ టైమ్ అవుతోందన్న సంగతి వాళ్ళకీ తెలుసు, అదే వాళ్ళ బలం. ఎక్కే తీరాలంటే చుట్టూ వీడియో తీసి, వాళ్ళ మనిషి కూడా అందులో కనబడేలా చూసుకోండి. మే నుంచి అక్టోబరు దాకా పడమటి తీరంలో సముద్రం పోటు మీద ఉంటుంది, బీచ్‌లో ఎర్రజెండా ఉంటే కాళ్ళు తడుపుకోవడం కూడా వద్దు. కృష్ణలో ఈత వచ్చు అంటారేమో, సూర్యలంకలో ఏటా జరిగేవి పేపర్లో చదివే ఉంటారు, వెనక్కి లాగే అలకి ఏరూ కాలవా నేర్పిన ఈత పనికిరాదు. టాక్సీకి మాత్రం రేటు ముందే మాట్లాడండి, గ్రాబ్, బోల్ట్ యాప్‌లు అక్కడ పనిచేస్తాయి.

ప్రశ్న: మావారికి ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. ఓడలోకి పచ్చళ్ళు, పులిహోర తీసుకెళ్ళనిస్తారా? దీవిలో దిగినప్పుడు తినడానికి ఓడలోంచి ఏమైనా పట్టుకెళ్ళొచ్చా? పడవలో వాంతులు రాకుండా మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?
(పట్టాభిపురం, గుంటూరు)

జవాబు: ఇంట్లో వండింది చాలా ఓడలు ఎక్కనివ్వవు, కంపెనీ సీలు వేసిన ప్యాకెట్లకి మామూలుగా అభ్యంతరం పెట్టరు. కాబట్టి షాపులో సీలు వేసిన చిన్న పచ్చడి ప్యాకెట్లు, అది కూడా లగేజీలో, లీక్ కాకుండా. గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా వద్దమ్మా, సింగపూర్‌లో అవి నిషేధం, వాటితో చేసిన మసాలా పొడి ఉన్నా తీసేయండి. గుట్కా, ఖైనీ కూడా అంతే, మీవారికి అలవాటుంటే ఇప్పుడే చెప్పండి. ఓడ బఫేలోంచి పళ్ళు, వండినవి ఒడ్డుకి తీసుకెళ్ళడం చాలా దేశాల్లో కుదరదు, మొక్కల తెగుళ్ళు వస్తాయని వాళ్ళ భయం. నీళ్ళ సీసా, సీలున్న బిస్కెట్లు చాలు. పెనాంగ్‌లో ఆకలేస్తే లిటిల్ ఇండియాలో శాకాహారం బోలెడు దొరుకుతుంది.

వాంతుల మాత్ర గురించి కూడా మీరు అడిగారు. అవోమిన్ లాంటివి పడవ ఎక్కేముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ. నిద్రొస్తుంది. బీపీ, ప్రోస్టేట్ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మా దంపతులకి పాస్‌పోర్ట్ లేదు, తీసుకునే ఉద్దేశం కూడా లేదు. ఓడలో వెళ్ళి దీవుల్లో దిగి చూసే యోగం మన దేశంలో లేదా?
(సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ఎందుకు లేదు మాస్టారూ, లక్షద్వీప్ ఉంది. నా మట్టుకు నాకు ఫుకెట్ కంటే అదే ఇష్టం. అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ కొచ్చి నుంచి సముద్రం అనే ప్యాకేజీ నడుపుతుంది. రాత్రుళ్ళు ఓడలో పడుకోవడం, పగలు కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవుల్లో ఒక్కోరోజు దిగి చూడటం, మధ్యాహ్నం భోజనం దీవిలోనే. ఈ ట్రిప్పుకి ఎక్కువగా వాడే ఎంవీ కవరత్తి అనే ఓడ ఎక్కడిదో తెలుసా? మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టిందే! ఇది లగ్జరీ క్రూయిజ్ అనుకోకండి, డాన్సులు, జలపాతాల్లాంటి షాండ్లియర్లు ఉండవు, శుభ్రమైన బెర్తు, కేరళ భోజనం, చుట్టూ నీళ్ళు.

దీవులు పగడపు దిబ్బల మీద ఏర్పడ్డవి, చుట్టూ లోతు లేని లేత నీలం నీళ్ళు, పెద్ద ఓడ లోపలికి రాలేదు. అందుకని బయట సముద్రంలోనే ఓడ పక్కకి చిన్న పడవ తెచ్చి, రెండూ ఊగుతుండగానే మిమ్మల్ని అందులోకి దింపుతారు. ఇది మాత్రం ముందే తెలుసుకుని వెళ్ళాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు బాగా ఆలోచించుకోండి. మినికాయ్‌లో 1885లో బ్రిటిష్‌వాళ్ళు కట్టిన లైట్‌హౌస్ ఉంది, ఎక్కే ఓపికుంటే పైనుంచి దీవి మొత్తం కనబడుతుంది. మిగతా దీవుల్లో మలయాళం అయితే అక్కడ మాత్రం మాల్దీవుల భాషకి దగ్గరైన మహల్ మాట్లాడతారు, చూర మీను, అంటే ట్యూనా చేప, ఎండబెట్టి నిల్వ చేస్తారు. వాసనకి సిద్ధంగా ఉండండి.

మనదేశమే అయినా పర్మిట్ తప్పనిసరి, ప్యాకేజీతో పాటు దానికీ దరఖాస్తు పెట్టాలి, కాబట్టి చాలా ముందుగా మొదలెట్టండి. వానాకాలంలో ట్రిప్పులు ఉండవు. దీవుల్లో ఊరి మధ్య నడిచేటప్పుడు ఒంటినిండా బట్టలు ఉండాలి. ఒడ్డున పడి ఉంది కదా అని పగడపు ముక్క జేబులో వేసుకోవద్దు, వన్యప్రాణి చట్టం కింద నేరం.

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. మేము వెళ్ళినప్పుడు గాల్వెస్టన్ నుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి క్రూయిజ్ బుక్ చేస్తానంటోంది. మాకు వేరే వీసా కావాలా? దేశం దాటి వస్తాం కాబట్టి ఆరునెలల గడువు మళ్ళీ మొదటినుంచి వస్తుందని మా వియ్యంకుడు గారు అంటున్నారు.
(లబ్బీపేట, విజయవాడ)

జవాబు: చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్నవాళ్ళకి మెక్సికో వేరే వీసా అడగదు. మీ అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి, వెనక్కి వచ్చేటప్పుడు అది అవసరం. గడువు సంగతి, వియ్యంకుడు గారి మాట నమ్ముకుని రిటర్న్ టికెట్ మార్చకండి. మెక్సికో లాంటి పక్క దేశానికి నాలుగు రోజులు వెళ్ళొస్తే పాత గడువే కొనసాగించొచ్చు, అది ఆ రోజు డెస్క్‌లో ఉన్న ఆఫీసర్ ఇష్టం. కోజుమెల్‌లో దిగాక తులుమ్‌లోని మాయా నాగరికత శిథిలాలు చూద్దామంటే మాత్రం ఓడ వాళ్ళ టూరే తీసుకోండి, తులుమ్ దీవిలో లేదు, ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళి, అక్కణ్ణుంచి బస్సు. దీవిలోనే ఉన్న సాన్ గెర్వాసియో శిథిలాలు చిన్నవే గానీ టాక్సీలో వెళ్ళి హాయిగా చూసి రావొచ్చు.

ప్రశ్న: చెప్పిన చోట ఓడ ఆగకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా?
(అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: టికెట్ డబ్బు ఇవ్వరు. మీరు సంతకం పెట్టే షరతుల్లో, రేవు మార్చే హక్కు, మానేసే హక్కు ఓడ వాళ్ళదేనని ఉంటుంది. గాలి ఎక్కువై టెండర్లు దించలేకపోయినా అంతే, అనుమతి రాకపోయినా అంతే. 2022 జూన్‌లో చెన్నై నుంచి మన విశాఖ వచ్చి వెళ్ళిన క్రూయిజ్ గుర్తుందా, ఓడలో కాసినో ఉందన్న గొడవతో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు, అక్కడ దిగుదామని ఎక్కినవాళ్ళు సముద్రంలోంచే చూసుకుని వెళ్ళిపోయారు. ఆగని రేవుకి కట్టించుకున్న పోర్టు ఛార్జీ, ఓడ వాళ్ళ టూర్ డబ్బు మామూలుగా వెనక్కి వస్తాయి. బయట కొన్న టూర్ అయితే వాళ్ళ క్యాన్సిలేషన్ షరతు ఏముంటే అదే. అందుకని బయట కొనేటప్పుడు, ఓడ రాకపోతే పూర్తి డబ్బు ఇస్తామని రాసిచ్చే వాళ్ళ దగ్గరే కొనండి, అడ్వాన్స్ తక్కువ కట్టి మిగతాది దిగాక చేతికి ఇచ్చేలా మాట్లాడుకోండి.